ముందు కాఫీ తాగండి

హాజ్ అబ్దుల్ ముఅతీ కప్పులో అడుగున మడ్డి తప్ప చుక్క మిగల్లేదు. మిగతా కప్పులూ అంతే. వాటిని చూస్తుంటే రుదైనాకి ఒళ్ళు మండిపోతోంది.

“తీసెయ్యవే వాటిని. అలా గుడ్లప్పగించి చూస్తే మళ్ళీ నిండుతాయా?” అంది తల్లి వంటింటి గుమ్మంలోంచి.

రుదైనా కదల్లేదు. పెద్దమనుషులు ఇప్పుడే మెట్లు దిగి వెళ్ళారు. కింద వీధిలో కార్ల హారన్లు ఇంకా మోగుతున్నాయి. పెళ్ళి కుదుర్చుకుని వెళ్తున్నవాళ్ళలా మోగించుకుంటూ పోతున్నారు. వాళ్ళు చేసుకుపోయిన పని మాత్రం రాబోయే ఎన్నికల్లోంచి ఆమె పేరు తీసేయించడం.

“బాబా, ఒక్కటి చెప్పండి. ఆ మాట ఎందుకన్నారు?”

తండ్రి అబూ మునీఫ్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్నారు. పండగకి వేసుకున్న బూడిదరంగు సూటు మడత నలగలేదు.

“ఏ మాట?”

“ముందు కాఫీ తాగండి అని.”

“ఇంటికొచ్చినవాళ్ళని కాఫీ తాగమనక, తాగొద్దంటారా ఎవరైనా?”

“బాబా.”

“ఏమిటి బాబా? పండగ మూడో రోజు. బంధువులొచ్చారు. కాఫీ ఇచ్చాం. తాగమన్నాను. ఇందులో నేరమేముందో చెప్పు.”

నేరమేమిటో నాబ్లుస్‌లో పలకా బలపం పట్టని పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. వంశానికి పెద్ద అయిన హాజ్, కప్పు అందుకుని పెదవికి తాకించకుండా ఎదుటి బల్ల మీద పెట్టేశాడు. ఆయన్ని చూసి వెంట వచ్చినవాళ్ళంతా తమ కప్పులూ పెట్టేశారు. మేం ఒక కోరికతో వచ్చాం, అది తీరేదాకా నీ ఇంటి కాఫీ ముట్టం అని దానర్థం. పిల్లనడగడానికైనా, రక్తపాతం జరిగాక రాజీకైనా అదే పద్ధతి. అప్పుడు ఇంటాయన కోరికేమిటో వినాలి. ఇష్టముంటే తాగమనాలి. తాగండి అన్నాడంటే ఇచ్చేసినట్టే.

“అబూ మునీఫ్, ఒక పని మీద వచ్చాం,” అన్నాడు హాజ్. ఆ పనేమిటో ఇంకా నోరు తెరిచి చెప్పలేదు.

అబూ మునీఫ్ నవ్వారు. “ముందు కాఫీ తాగండి హాజ్, చల్లారిపోతోంది,” అన్నారు.

“నీ ఇల్లు పదికాలాలు చల్లగా ఉండాలి. అడక్కుండానే ఇచ్చేశావు,” అని హాజ్ కప్పెత్తి గటగటా తాగేశాడు. తాగేశాక చెప్పాడు కోరికేమిటో. మేలో రమల్లా శాసనసభ గడువు తీరుతుంది. ఇప్పటి సభ్యుడు అబూ మునీఫ్ ఇక నిలబడనన్నారు గనక ఆ స్థానానికి వంశం తరఫున ఒక్కరే పోటీ చెయ్యాలి, అది తన మేనల్లుడు నవ్వాఫ్. “రుదైనా మా ఇంటి ఆడపిల్ల. ఆమె గౌరవం మా నెత్తిన ఉంటుంది. పేరు మాత్రం వెనక్కి తీసుకోవాలి.”

మాట ఖాయమైనట్టు వెంటనే ఫాతిహా ప్రార్థన చదివారు. అందరూ అరచేతులు పైకెత్తారు.

బాబా కూడా ఎత్తారు. రుదైనా మరిచిపోలేకపోతున్నది అదే. ఆ వేళకి ఆమె ఇంట్లో ఉండాల్సింది కాదు. ప్రతి పండగకీ మూడో రోజున బలాతా శరణార్థుల శిబిరానికి వెళ్ళి, జైల్లో ఉన్నవాళ్ళ తల్లుల్ని పలకరించి వస్తుంది. ఇవాళ దారి మూసేసి సైనికులు అడ్డంగా నిలబడితే వెనక్కొచ్చింది. తలుపు తీసేసరికి నడవాలోంచి ఆ చేతులు కనిపించాయి. అంతకుముందు అనుకున్న మాటలు తల్లి చెప్పాకే తెలిశాయి.

“నేను వాయిదా వేశాను,” అన్నారు అబూ మునీఫ్. “ముందు కాఫీ, తర్వాత మాట అన్నాను. విషయం సభ ముందుకి రాకముందే ఆమోదం ఎలా పొందుతుంది? నువ్వూ లాయరువేగా, చెప్పు.”

“మన డ్రాయింగ్ రూము సభ కాదు బాబా.”

“తర్కం ఎక్కడైనా తర్కమే.”

“అయితే ఫాతిహాకి చేతులెందుకెత్తారు? అక్కడే చెప్పొచ్చుగా, నా ఉద్దేశం అది కాదని.”

“ఫాతిహా చదువుతుంటే చేతులు కట్టుకు కూర్చోమంటావా? నేను ముసల్మానుని కానా?”

“ఉస్తాద్ గారూ,” అంది తల్లి, లాయర్లని ఊరంతా పిలిచే ఆ పిలుపుని సాగదీసి. కోపమొచ్చినప్పుడే ఆమె మొగుణ్ణి అలా పిలుస్తుంది. “ఈ వాదన హాజ్ ఉన్నప్పుడు చేస్తే వినడానికి మాకూ బాగుండేది. పండగ పూట ఇంట్లో కోర్టు పెట్టకండి.”

అబూ మునీఫ్ లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు. తలుపు చప్పుడు కూడా చెయ్యలేదు. చేసినా బాగుండేదనిపించింది రుదైనాకి.

*

ఆ గది నిండా చట్టం పుస్తకాలే. గోడ మీద రెండు ఫోటోలు. ఒకదాంట్లో నల్లమీసంతో అమ్మాన్‌లో ప్రమాణం చేస్తున్న యువకుడు. రెండోదాంట్లో తెల్లమీసంతో అదే మనిషి, రమల్లాలో. మధ్యలో వచ్చిన యుద్ధానికి ఫోటో లేదు.

అప్పట్లో నాబ్లుస్‌కీ సభ అమ్మాన్‌లోనే; అరవై ఏడు జూన్‌లో ఆయన ఆ సభ కోసం అక్కడికి వెళ్ళారు. వెళ్ళిన వారంలోనే ఊరు శత్రుసైన్యం చేతికి పోయి, నది మీద వంతెన అటు వైపు ఆయన, ఇటు వైపు పెళ్ళాం బిడ్డలు మిగిలిపోయారు. తర్వాత నాలుగేళ్ళకి కొడుకు మునీఫ్‌ని చదువుకని ఆయన దగ్గరికి పంపారు. రుదైనా తల్లితో ఉండిపోయింది. వేసవిలో అనుమతి కాగితాలు దొరికితే వెళ్ళి చూసి వచ్చేవాళ్ళు. అమ్మాన్ సభ మాత్రం ఎన్నికలు పెట్టలేక ఆ సభ్యులనే కొనసాగించింది. ఇరవై ఏళ్ళ పాటు ఆయన, కాలు పెట్టడానికి వీల్లేని ఊరికి ప్రతినిధిగా ఉన్నారు. ఆ సభ రద్దయి, ఒప్పందాలు కుదిరి, ఇంటికొచ్చేసరికి కూతురికి కణతల దగ్గర జుట్టు నెరుస్తోంది.

రుదైనా వెనకాలే లోపలికి వెళ్ళి తలుపు వేసింది.

“నాకిచ్చిన మాట ఏమైంది బాబా? చలికాలంలో, అమ్మ ముందు చెప్పారు. ఈసారి నువ్వు నిలబడు అని.”

“చెప్పాను.”

“మరి?”

“అది ఇంట్లో అనుకున్న మాట.”

కోర్టులో సైనికాధికారి ఎదురుగా నిలబడ్డప్పుడు కూడా ఇంత తడుముకోలేదు ఆమె.

“ఇంట్లో మాటకి విలువ లేదా? సరే, వీధి మాటలే చెప్పుకుందాం. పోయిన ఎన్నికల్లో మీకు బలాతాలో ఓట్లెవరు వేశారు? అస్కర్ శిబిరంలో ఎవరు వేశారు? మిమ్మల్ని చూసి వేశారా వాళ్ళు? మీ ముఖం వాళ్ళకి తెలుసా? ఉస్తాదా రుదైనా వాళ్ళ నాన్నట అని వేశారు. అమ్మాన్‌లో మీరంతా సమ్మె చేస్తుంటే, ఆక్రమణదారుల సైనిక కోర్టు మెట్లెక్కినవాళ్ళు లాయర్లే కాదని మీ లాయర్ల సంఘం తీర్మానం చేస్తుంటే, నేను ఎక్కాను. వాళ్ళ కొడుకుల పక్కన నిలబడ్డాను. ఆ తీర్మానం మీద మీ సంతకం కూడా ఉంది. ఉందా లేదా?”

“ఉంది.”

“దానికీ నేనేం అనలేదు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఇవాళ అనిపించారు.”

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడిచినవే మళ్ళీ తుడిచారు. తర్వాత చాలా నెమ్మదిగా, “మరిచిపోయానమ్మా,” అన్నారు.

“ఏం మరిచిపోయారు?”

“కప్పు కింద పెడితే అర్థమేమిటో. హాజ్ అలా పెట్టేస్తే, వేడిగా ఉందేమో, ముసలాడికి నోరు కాలిందేమో అనుకున్నాను.”

రుదైనా ఆయన ముఖంలోకి చూసింది. ఆయన గోడకేసి చూస్తున్నారు.

“అమ్మాన్‌లో నా దగ్గరికి కోరికలతో వచ్చినవాళ్ళెవరు? పాస్‌పోర్టు ఇప్పించమని, కుర్రాడికి కాలేజీలో సీటిప్పించమని వచ్చేవాళ్ళు. వాళ్ళు కాఫీ తాగి, రెండో కప్పు కూడా తాగి, అప్పుడు అడిగేవాళ్ళు. కప్పు కింద పెట్టే మనిషిని చూసి ఎన్నాళ్ళైందో నాకే తెలీదు. వాళ్ళు ఫాతిహా మొదలెట్టాక గుర్తొచ్చింది. అప్పటికి ఏం చెయ్యను?”

“ఇప్పుడు చెయ్యండి. వంశపెద్దలు కూర్చునే దివాన్‌కి వెళ్ళి చెప్పండి, పొరపాటైందని.”

“ఏమని చెప్పమంటావు?” ఆయన గొంతు సన్నబడిపోయింది. “నాబ్లుస్ ప్రతినిధికి నాబ్లుస్ మర్యాద తెలియదనా? రెండు సభల్లో ఈ ఊరి పేరు చెప్పుకుని కూర్చున్నవాడు ఈ ఊళ్ళో చుట్టపుచూపుగా వచ్చినవాడిలా ఉన్నాడనా? అందరూ వెనకాల అనుకునేదే కదా అది. నన్ను నా నోటితో అనమంటావా?”

నిజంగానే అనుకుంటారు. నిరుడు పాతబజారులో ఆయన సబ్బు కొట్ల సందుకని బయల్దేరి, తోళ్ళవాళ్ళ సందులోకి వెళ్ళిపోతే, ఎవరో కుర్రాడు చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ రోజు ఆయన రాత్రి భోజనం చెయ్యలేదు. తల్లీ కూతుళ్ళు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆమె మెల్లగా తలుపు తీసుకుని బయటికొచ్చింది. కోపం ఎక్కడికీ పోలేదు. కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియకుండా పోయింది.

*

వంటింట్లో తల్లి కప్పులు కడుగుతోంది. నీళ్ళ చప్పుడులోనే అడిగింది, “ఏమంటాడు?”

“మరిచిపోయారట.”

“ఏం మరిచిపోయాడు?”

“కప్పు సంగతి.”

తల్లి కుళాయి కట్టేసింది.

“మా పెళ్ళి మాటలకి మీ తాత కప్పు కింద పెట్టి కూర్చున్నాడు. మా నాన్న పంతం మనిషి. వీళ్ళ వంశం మొత్తాన్నీ కూర్చోబెట్టి, ఆలివ్ పంట గురించి, వాన గురించి మాట్లాడాడు గానీ తాగమనలేదు. మీ బాబా కాలరు చెమటకి తడిసిపోయిందట. పెళ్ళైన కొత్తలో వారానికోసారి చెప్పి నవ్వేవాడు. మామగారు తాగండి అనకపోతే ఆ పూటే చచ్చిపోయేవాణ్ణి అని.”

“వయసు వచ్చిందమ్మా. ఏవేవో మరిచిపోతున్నారు.”

“అవునులే. మరిచిపోవచ్చు,” అని తల్లి మళ్ళీ కుళాయి తిప్పింది.

“నేనే వెళ్తానమ్మా హాజ్ పెదనాన్న దగ్గరికి. నాకే ఇష్టం లేదని చెప్తాను. ఆరోగ్యం బాలేదనో, ఆఫీసు పనులున్నాయనో. నేనే తప్పుకున్నానంటే బాబా మీదకి ఏ మాటా రాదు.”

“ఆయన చేసింది నువ్వు మొయ్యాలా?”

“ఎవరో ఒకరు మొయ్యాలిగా.”

“ఎప్పుడూ నువ్వే మోస్తావు, అదే నాకు అర్థం కాదు. ఇంటికి పెద్దదానివి నువ్వు. ఊరంతా మమ్మల్ని ఉమ్ మునీఫ్, అబూ మునీఫ్ అని, మునీఫ్ తల్లీ తండ్రీ అనే పిలుస్తుంది. పుట్టి ముందు ఏడ్చింది నువ్వైతే, పేరు వాడిది.” తల్లి గొంతులో ఏడుపు లేదు, విసుగే ఉంది. “బలాతా ఆడవాళ్ళకేం చెప్తావు? నీ కోసం ఇప్పట్నుంచే ఇళ్ళిళ్ళూ తిరుగుతున్నారుగా.”

రుదైనా నోరు విప్పేలోగా తలుపు గంట మోగింది.

*

వచ్చింది ఉమ్ సబ్రీ, హాజ్ భార్య. నల్లకోటులో నిండుగా, ఆయాసపడుతూ, రెండు చేతులతో కునాఫా పళ్ళెం మోసుకొచ్చింది. పాకం ఇంకా వేడిగానే ఉంది. నారింజరంగు పైపొర మీద పిస్తా పొడి చల్లి ఉంది.

“మబ్రూక్, శుభాకాంక్షలు ఉమ్ మునీఫ్. మీ ఇంటిది ఎప్పుడూ పెద్ద చెయ్యే. మా హాజ్ ఇంటికొచ్చి చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు. నోటి నుంచి మాట రాకముందే ఇచ్చేశాడు, ఇలాంటి మగాళ్ళు ఇంకా ఉన్నారు అని.”

“కూర్చో అక్కా,” అంది తల్లి.

“ఎక్కడుంది నా తల్లి? రా, ఇలా రా.” రుదైనా బుగ్గలు రెండూ మార్చి మార్చి ముద్దు పెట్టుకుంది. “నువ్వు మనసులో ఏం పెట్టుకోకు. నవ్వాఫ్ నీకు తమ్ముడి లాంటివాడు. వాడికి రాయడం రాదు, చదవడం అంతంతే. ప్రసంగాలన్నీ నువ్వే రాసివ్వాలి మరి.”

“రాసిస్తాను పెద్దమ్మా. చదివేటప్పుడు పక్కన నిలబడి పేజీ కూడా తిప్పమంటారా?”

ఉమ్ సబ్రీ పడీ పడీ నవ్వింది. “చూశావా ఉమ్ మునీఫ్, నోరు అచ్చం తండ్రిదే. అందుకే అంటాను, ఈ పిల్ల మగాడై పుట్టుంటే ఇవాళ ఈ గొడవే లేదు.”

“టీ తెస్తాను,” అని రుదైనా వంటింట్లోకి వచ్చేసింది.

సేజ్ ఆకు వేసి టీ మరిగించింది. గ్లాసులు పళ్ళెంలో పెట్టింది. నడవాలోకి వచ్చేసరికి లోపలి మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. ఉమ్ సబ్రీకి గొంతు తగ్గించి మాట్లాడటం చేతకాదు.

“నేనైతే మొదటి రోజే వెళ్ళమన్నాను. మా హాజ్‌కి మోకాళ్ళు చూశావుగా, మూడో రోజుకి లేవలేకపోతాడు. కానీ మీ ఆయన ఫోన్లో ఒప్పుకోలేదట. వద్దు హాజ్, మూడో రోజు మధ్యాహ్నం అసర్ నమాజు అయ్యాక రండి, అప్పుడైతే అమ్మాయి బలాతాలో ఉంటుంది అన్నాడట. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఆ మాట అనలేను అన్నాడట. తండ్రి మనసు కదా మరి.”

లోపల కునాఫా కోస్తున్న చాకు చప్పుడైంది.

“కప్పు కింద పెట్టగానే తాగమంటాను, మీరేం అడగనక్కర్లేదు, అప్పుడు బతిమాలించుకున్నట్టు ఉండదు అని కూడా ఆయనే చెప్పాడట. ఎంత మర్యాద తెలిసిన మనిషి. అమ్మాన్‌లో అన్నేళ్ళున్నా మన పద్ధతి ఒక్కటీ మరిచిపోలేదు.”

రుదైనా లోపలికి వెళ్ళి పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఉమ్ సబ్రీకి చక్కెర ఎంతో అడిగి మరీ వేసింది. తల్లి వైపు చూడలేదు. తల్లి కూడా ఆమె వైపు చూడలేదు.

“ఇప్పుడే వస్తాను పెద్దమ్మా,” అంది.

*

అబూ మునీఫ్ తన గదిలో బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నారు. రుదైనా తలుపు వెయ్యడం మరిచిపోయింది.

“మూడో రోజు, అసర్ నమాజు అయ్యాక.”

ఆయన కలం ఆగింది.

“అమ్మాయి బలాతాలో ఉంటుంది. ఎదురుగా పెట్టుకుని అనలేను. ఇంకా చెప్పమంటారా, చాలా?”

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెబితే ఏం? మరిచిపోయానన్నారు. ఇందాక ఆ కుర్చీలో కూర్చుని మరిచిపోయానమ్మా అన్నారు. నేను నమ్మాను. మీ మీద జాలిపడి, నేనే తప్పుకుంటానని అమ్మకి చెప్పాను బాబా. ఇప్పుడే చెప్పాను.”

ఆయన కలానికి మూత పెట్టారు. పెట్టడానికి చాలాసేపు పట్టింది.

“నువ్వు క్షమించగలిగే కారణం ఒకటి కావాలి కదా,” అన్నారు చివరికి. “అదొక్కటే దొరికింది.”

“అసలు కారణం చెబితే క్షమించలేననా?”

“అసలు కారణం నీకు నచ్చదు.”

“చెప్పండి.”

“ఎన్నికలు రావు రుదైనా.”

ఆమెకి అర్థం కాలేదు.

“మేలో గడువు తీరుతుంది. పొడిగిస్తారు. తర్వాత ఇంకోసారి పొడిగిస్తారు. ఏవో పరిస్థితులంటారు, నిజంగానే ఉంటాయి కూడా. నేను ఒక సభలో అలాగే ఇరవై ఏళ్ళు కూర్చున్నాను. ఆ వాసన నాకు తెలుసు. ఊరు చేతిలో లేకుండా ఎన్నికలేమిటి? నేను చచ్చేదాకా ఆ కుర్చీలో నేనే ఉంటాను, చూడు. హాజ్ వచ్చి నవ్వాఫ్ కోసం ఆ కుర్చీ అడిగాడు. కాదంటే వంశం రెండుగా చీలుతుంది, దివాన్‌లో మన ఇంటివాళ్ళకి చోటుండదు. లేని కుర్చీ కోసం అంత గొడవ దేనికి? ఇచ్చేశాను. నాకు పోయిందేం లేదు, వాళ్ళకి వచ్చిందీ లేదు. అందరూ సంతోషంగా ఉన్నారు. రాజకీయమంటే అదే.”

చెబుతున్నకొద్దీ ఆయన గొంతు సర్దుకుంది. సభలో మాట్లాడే గొంతు అది. చివరికి వచ్చేసరికి కొంచెం గర్వం కూడా వినిపించింది.

రుదైనా కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

“లేని కుర్చీయే కదా బాబా.”

“అవును.”

“ఇస్తే మీకు పోయేదేం లేదు కదా.”

“లేదనేగా చెబుతున్నాను.”

“మరి నాకే ఇచ్చి ఉండొచ్చుగా.”

ఆయన కలం మూత తీశారు. మళ్ళీ పెట్టారు. రెండు దేశాల సభల్లో ఆయన్ని మాటలకి తడుముకునేలా చేసినవాళ్ళు లేరని ఊళ్ళో చెప్పుకుంటారు.

“రాకపోతే రాకపోనీండి. వచ్చిన రోజున నిలబడేది రుదైనా అని మీరు ఆ పెద్దమనుషుల ముందు ఒక్క మాట అంటే, ఆ మాటతో నేను ఇంకో ఇరవై ఏళ్ళు బతికేదాన్ని. ఖర్చు లేని మాట కూడా నా దాకా వచ్చేసరికి కరువైపోయిందా?”

“నువ్వు దీన్ని మనసుతో చూస్తున్నావు.”

“మీరు దేంతో చూశారో అది నాకు లేదు. రేపే అందరికీ చెబుతాను, ఎన్నికలు ఎప్పుడొచ్చినా నేను నిలబడతానని. వంశం పేరు లేకుండా. మీ పేరు లేకుండా.”

“చెప్పకు.” ఆయన లేచి నిలబడ్డారు. ఇవాళ మొదటిసారి ఆయనకి కోపం వచ్చింది. “పదిమంది మధ్య ఫాతిహా చదివిన మాట. నువ్వు నిలబడితే నేను మాట తప్పినవాణ్ణవుతాను. అలా కాకూడదంటే నవ్వాఫ్ పక్కన నేను నిలబడాలి. వాడి కోసం వీధి వీధీ తిరగాలి. నీకు ఎదురుగా తిరగాలి. తిప్పిస్తావా నా చేత, ఈ వయసులో?”

“తిరగండి బాబా. ఏ సందు ఎటు పోతుందో తెలియకపోతే అడగండి. నేను చెబుతాను.”

ఆ మాట అనగానే, అనకుండా ఉండాల్సిందని ఆమెకి తెలిసింది. ఆయన మెల్లగా కుర్చీ అంచుని తడుముకుని కూర్చున్నారు. రుదైనా ఒక అడుగు ముందుకి వేసింది, ఆగిపోయింది. వెనక్కి తీసుకోవాలంటే ముందు ఆయన ఏదో ఒకటి వెనక్కి తీసుకోవాలి. ఆయన తీసుకోరు. ఆమె ఆయన కూతురే.

గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఉమ్ సబ్రీ నల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని, వెళ్ళొస్తానని చెప్పడానికి వచ్చి నిలబడి ఉంది. ఆమె వెనక తల్లి. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తల్లి ముఖం చూస్తే తెలుస్తోంది. ఉమ్ సబ్రీని అక్కడి నుంచి తీసుకుపోవడానికి తల్లి చిన్న ప్రయత్నం కూడా చేసినట్టు లేదు.

మాట్లాడితే ఇల్లదిరిపోయే ఉమ్ సబ్రీ, ఇప్పుడు పక్కనున్నవాళ్ళకి మాత్రం వినపడేలా అడిగింది.

“లేని కుర్చీయా, అబూ మునీఫ్? మా హాజ్‌కి ఏమని చెప్పమంటారు?”